వాపస్ పంపుతున్న నూనె

పెద్దమ్మా, వనపర్తి నర్సింగ్ హాస్టల్ నుంచి నీకు వందనాలు.

నువ్వు మందిరంల ప్రార్థన చేసి ఇచ్చిన నూనె సీసా, సెలవుకు మన అయిజకు వస్తున్న నా క్లాసు పిల్ల సుమనతోని వాపస్ పంపుతున్న. కోపం చేసుకోకు. ఫస్టియర్ పరీక్షలకు ఇదే నుదుటికి రాసుకొని పోయిన. ఇగ నాకొద్దు.

ఈ నెల పిల్లల వార్డుల నా డ్యూటీ. వీపనగండ్ల నుంచి వచ్చిన యాదమ్మ కొడుకు మెదడువాపు జ్వరంతోని అక్కడ పడి ఉండె. నా మెడల సిలువ చూసి, "మీ దేవునికి మా పోరని గురించి జర చెప్పు బిడ్డా" అని ఆమెనే అడిగింది. డ్యూటీ ఎక్కంగనే, వార్డు మేడం చూడకుండ, వాని నుదుటికి నీ నూనె రాసి ప్రార్థన చేస్తుంటి. ఒకనాడు కండ్లు తెరిచి నీళ్లు అడిగిండు. దేవుడు విన్నడు, ఇగ పరేషాన్ కాకు అని యాదమ్మకు ధైర్యం చెప్పిన.

నిన్న పొద్దుగాల వాడు పోయిండు. ముక్కుల పైపు నేనే తీసిన. నుదురు ఇంక జిడ్డు జిడ్డుగనే ఉండె.

అప్పుడే యాదమ్మ నా చెయ్యి పట్టుకొని, "నిన్న ప్రార్థన మర్సిపోయినవా బిడ్డా?" అని మెల్లగ అడిగింది. తిట్టినట్టు గాదు. మర్సిపోయిన అని చెప్పిన. "పోనీ తియ్యి, చిన్నపిల్లవు" అని నా తలకాయ నిమిరింది.

పెద్దమ్మా, నేను ఒక్క పూట గూడ మర్సిపోలే. ఆ సంగతి నీ దేవునికి ఎరుకనే.

నీ బిడ్డ