షోకేసులోని చెరువు

పూణే

ప్రియమైన అక్కకు, చెల్లెలు సునీత నమస్కరించి రాస్తున్నది. నేను బాగానే ఉన్నాను. నువ్వు, బావగారు, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తున్నాను. మీ అత్తయ్యగారి మోకాళ్ల నొప్పి తగ్గిందా? ఇవన్నీ ఫోనులో అడగొచ్చు. కానీ ఫోనులో నువ్వు మాట తిప్పేస్తావు, అందుకే ఉత్తరం.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. మన వాన లాగా కురిసి వెలిసిపోదు, రోజంతా సన్నగా పడుతూనే ఉంటుంది. ఆఫీసు కిటికీలోంచి చూస్తే కొండలు మసకలో కరిగిపోయి, ఆ చోట కొల్లేరు కనిపిస్తుంది నాకు. పొద్దున అటుకులు, మధ్యాహ్నం చపాతీలు. వేళకు తింటున్నాను, దిగులు పడకు.

మేము చేస్తున్నది చేపల చెరువులో ఆక్సిజన్ తగ్గగానే, చేపలు చావకముందే లేచి గాలి చక్రాలు తిప్పుకోమని రైతు ఫోను మోగించే మీటరు. అంతే పని. ఆ అంతే పని ఎన్నాళ్లకీ తెమలడం లేదే! ఒకాయన రంగులు మార్చాలంటాడు, ఇంకొకాయన వాతావరణం కూడా చెప్పించాలంటాడు, వద్దనేవాళ్లు లేరు. వీళ్లు వాళ్ల కోసం, వాళ్లు వీళ్ల కోసం ఎదురుచూపులు. మీటింగులో ఏం మాట్లాడాలో తేల్చడానికి ఇంకో మీటింగు. చెరువు గట్టు మీద కాలు పెట్టినదాన్ని నేనొక్కదాన్నే.

అందుకే మొదటి మీటరు గణపవరంలో ఉన్న నీకే పంపాను. మా ఆఫీసులో ఇంకో తెలుగమ్మాయి ఫోను చేసి మీటరెలా ఉందని అడిగితే, "చాలా బాగుందండీ, మాకెంతో ఉపయోగంగా ఉందండీ" అన్నావట. కంప్యూటరులో నీ చెరువు ఆక్సిజన్ గీత తిన్నగా సాగిపోయేది. రోజూ రాగానే ముందు దాన్నే చూసేదాన్ని. అక్క గట్టు మీద నిలబడి ఉంటుంది, బావగారు మేత వేస్తుంటారు, నీళ్లు నిద్రపోతుంటాయి అనుకునేదాన్ని. రాత్రీ పగలూ నీళ్లలో ఆక్సిజన్ ఒకేలా ఉండదని నాకు తెలియదా? తెలుసు. కానీ ఆ గీత చూస్తే ప్రాణానికి హాయిగా ఉండేది. మా ఆఫీసు పెద్దాయనైతే అందరికీ అదే చూపించి, ఇక మీటర్లు తయారుచేసి అమ్మేద్దామన్నారు.

మొన్న ఆదివారం వీడియోలో కొత్త కర్టెన్లు చూపించావు కదా. వెనకాల షోకేసులో, మీ పెళ్లి ఫోటో పక్కన, పైన ప్లాస్టిక్ కవరైనా విప్పని మీటరు!

"నీళ్లలో పెడితే తడిసిపోదటే? నువ్వు పంపిన వస్తువాయె. మీ బావగారు పెడతానంటే నేనే వద్దండీ అన్నాను. కవరుకి చిన్న చిల్లు చేసి రోజూ ఛార్జింగ్ మాత్రం పెడుతున్నానే" అన్నావు.

నవ్వాను. ఫోను పెట్టేశాక ఏడ్చాను. ఇన్నాళ్లూ నేను చూసి మురిసిపోయింది చెరువుని కాదక్కా, మీ ముందుగదిలో గాలిని.

సోమవారం మీటింగులో ఉన్నదున్నట్టు చెప్పేశాను. అంతా విని పెద్దాయన, "నెలాఖరులోగా నిజం చెరువు గీత చూపించు. లేకపోతే ఈ పని ఇక్కడితో ఆపేద్దాం" అన్నారు. ఆపేస్తే మమ్మల్ని తలో చోటా వేస్తారు, అది సర్దుకుంటాను. కానీ ఆ ఏడాది ఒకరోజు తెల్లారేసరికి ఆక్సిజన్ అందక చేపలన్నీ చచ్చి తేలిపోయి, బావగారు గట్టు మీద కూలబడిపోయారు చూడు, అది నేను మరిచిపోలేదు. నేనీ పనిలో చేరిందే అందుకు.

కాబట్టి ఆ కవరు చించెయ్యి. బావగారి చేత మీటరు చెరువులో దింపించు. పాడైతే పాడవనీ. బాగాలేకపోతే బాగాలేదని చెప్పు, చెల్లెలు బాధపడుతుందని చూడకు. వీలైతే కాస్త ఎండు రొయ్యల పొడి పంపు, కారం తగ్గించకు.

అత్తయ్యగారికి, బావగారికి నా నమస్కారాలు. పిల్లలకు ముద్దులు. ఈ మీటరు పనికి రావాలని నన్ను దీవించు. రోజూ పొద్దున్నే వచ్చి ఆ గీతనే చూస్తుంటాను. ఏ తెల్లవారుజామునో అది కిందికి జారిన గుర్తు కనిపిస్తే, ఆ వేళకి ఫోను మోగి మీరిద్దరూ లేచి గట్టు మీదికి పరుగెత్తి ఉంటారని నాకు తెలుస్తుంది.

నీ చెల్లెలు
సునీత