బ్రేకు మీద దర్జీ పాదాలు

నన్ను నాలుగు మాటలనకపోతే అన్నం సయించని మా ఇంటావిడకు,

ఇక్కడ అందరం బాగున్నాం. నువ్వు లేవు కనుక నేను ఇంకొంచెం ఎక్కువ బాగున్నాను. అక్కడ నువ్వూ, ఆపరేషనైన మీ చెల్లెలి మోకాలూ క్షేమమని తలుస్తాను. ఆవిడ లేచి నడుస్తోందని రాశావు. సంతోషం. అదే చేత్తో ఆ నోటికి కూడా ఓ కుట్టు వేయమని డాక్టరును అడగాల్సింది. ఈ ముక్క ఆవిడకు చదివి వినిపించకు. వినిపిస్తావని తెలిసే రాస్తున్నాను.

ఇక నువ్వడిగినవాటికి జవాబులు. మాత్రలు వేసుకుంటున్నాను. నా కుట్టు మిషన్ను ఎవరూ మూలకు నెట్టలేదు, కాకపోతే కోడలు దాని మీద ఉతికిన బట్టలు పోగేస్తోంది. నుదుటి మీద బొప్పి తగ్గింది. గడప తగిలి అంత బొప్పి ఎలా కట్టిందని మూడు చోట్ల అడిగావు. దానికి తర్వాత వస్తాను, తొందరపడకు.

పిచ్చుక విమానం ఒంటరిగా నడిపిందా అని కూడా అడిగావు. పెళ్లీడొచ్చిన మనవరాలిని ఇంకా పిచ్చుక అంటారేంటని కోడలు నన్ను సాధిస్తోంది. గాల్లోకి ఎగిరేదాన్ని గేదె అని పిలవనా?

పిచ్చుక విమానం నేర్చుకునే క్లబ్బులో ఒక బుల్లి విమానం సీట్లు చిరిగిపోయాయట. కొత్త రెక్సిన్ తొడుగులు కుట్టి, తొడిగి చూడ్డానికి నేనే వెళ్లాను. లోపల కూర్చుంటే ముందంతా గడియారాలే. ఒక్కటీ టైము చెప్పదు. ఇదేంటి, అదేంటి అని అడుగుతూనే ఉన్నాను. పిచ్చుక ఓపిగ్గా చెప్పింది. నీ పోలిక రాలేదు.

ఇంతలో ఆ రోజు పిచ్చుక ఎగరాల్సిన టైమైంది. విమానం చూస్తే స్టార్టవదు, బ్యాటరీ చచ్చింది. చక్రాల కింద అడ్డం పెట్టే చెక్కలేమో షెడ్డులో ఉన్నాయి. వాటికోసం పిచ్చుక పరిగెత్తింది. వాళ్ల మాస్టారుకు మహా తొందర.

"పెద్దాయనా, ఎలాగూ సీట్లోనే ఉన్నారు. ఆ రెండు పెడళ్ల పైఅంచు మునివేళ్లతో నొక్కి పట్టుకోండి, అదే బ్రేకు. నేను ముక్కు మీది పంకా చేత్తో తిప్పి స్టార్ట్ చేస్తాను."

"నొక్కడమేగా? జీవితమంతా అదే పని," అన్నాను.

మాస్టారు ఒక్క విసురు విసిరాడు. ఇంజన్ దగ్గింది, తుమ్మింది, అందుకుంది. మరుక్షణం విమానం కదిలింది. ఆగుతుంది, ఎగిరిపడుతుంది, మళ్లీ ఆగుతుంది, మళ్లీ ఎగిరిపడుతుంది. మాస్టారు పక్కకు దూకాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఈ ఉత్తరం వేరేలా ఉండేది. అది పోయి పాత టైర్ల గుట్టలో ముక్కు పెట్టింది. పంకా వంగింది, ఇంజన్ ఆగింది, నా నుదురు ఆ గడియారాల్లో ఒకదాన్ని ముద్దు పెట్టుకుంది. అదీ నీ గడప. కోడలి చేత కూడా నేనే అబద్ధం చెప్పించాను, దాన్ని ఏమీ అనకు.

అందరూ అడిగారు. నేను ఒకటే మాట: "నొక్కే పట్టుకున్నాను, బ్రేకే పట్టలేదు." నిజంగానే అలా అనుకున్నాను. మెకానిక్ బ్రేకు మొత్తం విప్పాడు. లోపం ఏమీ లేదు. మరి ఎందుకు పట్టలేదు? నాకు నిద్ర పట్టలేదు. రోజూ వెళ్లి అతని పక్కన కూర్చుని ఆ గొట్టం ఎక్కడికి పోతుంది, ఈ నూనె ఎందుకు అని ప్రాణం తీశాను. "మీరు అడిగినన్ని ప్రశ్నలు మా ఆవిడ కూడా అడగదు పెద్దాయనా," అన్నాడు పాపం.

కానీ ఆ పొద్దున బ్రేకులు తొక్కి చూసి బాగున్నాయని చెప్పింది మన పిచ్చుకే. మాస్టారు దాంతో, "కారణం తేలేదాకా నిన్ను ఒంటరిగా పంపను," అన్నాడట. అది ఇంటికొచ్చి అన్నం కెలుకుతూ, "నేనే సరిగ్గా చూడలేదేమో తాతా," అంది. మాటకు మాట అప్పజెప్పే పిల్ల అలా మెత్తబడిపోతే చూడలేకపోయాను.

తర్వాత ఒకనాడు వంటింట్లో కుర్చీలో కూర్చుని పేపరు చూస్తున్నాను. కోడలు మిక్సీ వేసింది. వేసి నా కాళ్లవైపు చూసి, "మామయ్యా, అక్కడ మిషన్ లేదు కదా, ఏం తొక్కుతున్నారు?" అంది.

చూసుకున్నాను. మడమ, మునివేళ్లు, మడమ, మునివేళ్లు. ఆపేశాను. మిక్సీ మళ్లీ వేయమన్నాను. మళ్లీ మొదలు. నాతో ఒక్క మాట చెప్పకుండా నా పాదాలు వాటి ఉద్యోగం అవి చేసుకుంటున్నాయి. గిర్రున తిరిగే చప్పుడు ఏది వింటే చాలు, అది మిషనేననీ, ముందు గుడ్డ ఉందనీ అనుకుంటాయి.

నీ దగ్గర దాచడమెందుకు, వెంటనే వెళ్లి చెప్పలేదు. ఊరందరినీ ఆటపట్టించేవాణ్ణి, అందరి నోళ్లలో నానాలంటే బెరుకేసింది. రాత్రి పిచ్చుక అన్నం సగంలో వదిలేసి లేచింది. తెల్లారగానే క్లబ్బుకు పోయాను.

"బ్రేకు మంచిదే, పిచ్చుక మంచిదే, కాళ్లే చెడ్డవి," అన్నాను. మాస్టారు నమ్మలేదు. నన్ను దూరంగా బల్ల మీద కూర్చోబెట్టి ఇంకో విమానం ఇంజన్ వేయించాడు. మెకానిక్ నా కాళ్ల ముందు గొంతుక్కూర్చుని చూసి, కడుపు పట్టుకుని అక్కడే పొర్లాడు. మాస్టారు మాత్రం నవ్వలేదు. "చెక్కలు పెట్టకుండా, పని తెలియని మనిషిని కూర్చోబెట్టి పంకా తిప్పింది నేను. తప్పు నాది," అని పిచ్చుకతో అందరి ముందూ అన్నాడు. పెద్దమనిషి.

కొత్త పంకా వచ్చింది. నిన్న పిచ్చుక ఒంటరిగా ఎక్కింది. నేను అదే బల్ల మీద కూర్చున్నాను. చిన్నదైంది, చుక్కైంది, తిరిగొచ్చి మెత్తగా దిగింది. దిగి నా దగ్గరకొచ్చి, ముందు నా కాళ్ల కింద చూసింది. చెప్పుల కింద మట్టిలో రెండు గుంటలు.

"నేను పైన ఉన్నంతసేపూ ఇక్కడ ఏం కుట్టావు తాతా?" అంది.

పెళ్లైన కొత్తల్నుంచీ నిద్రలో తంతున్నానని గోల పెడుతున్నావు. నువ్వే కల కంటున్నావని కొట్టిపారేశాను. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. చక్రాల చెక్కలు ఒక జత ఇస్తానన్నాడు మాస్టారు. త్వరగా వచ్చెయ్యి, మంచం మీద మన మధ్య పెట్టుకుందాం.

ఇట్లు,
బొప్పి మానిన నీ మొగుడు