తెగని బోల్టు

థండర్ బే పట్నానికి పడమరగా, టౌన్‌షిప్ రోడ్డు నుంచి లోపలికి చీలిన సందు దారిలో చివరి ఇంట్లో కాపురముంటున్న ఉర్హో కివెలా అనే నేను, వయసు ఎనభై ఒకటి, రాసుకుంటున్న వీలునామా ఇది. నా బుర్ర సరిగానే ఉంది. గుండె సరిగా లేదు. ఎవరూ నన్ను బెదిరించలేదు, బతిమాలలేదు, తాగించలేదు. లాయరు చేత రాయించమని నా కూతురు సిర్కా పోరింది. నా సిగ్గు సంగతి ఇంకొకడు రాయడం నాకిష్టం లేదు. రాత కుదురుగా లేకపోతే నెమ్మదిగా చదువుకోండి. ఇంతకు ముందు రాసిన కాగితాలేవీ చెల్లవు. దీన్ని అమలు జరిపించే పూచీ సిర్కాది.

1. ఇల్లు, స్థలం, ఆవిరిస్నానాల గది, కొట్టంలో పేర్చిన కట్టెలతో సహా నా తదనంతరం నా భార్య ఐలీకి సర్వహక్కులతో చెందాలి. ఐలీకి కిడ్నీలు పోయాయి. రక్తం శుభ్రం చేయించుకోవడానికి వారానికి మూడుసార్లు పట్నం ఆస్పత్రికి పోవాలి. ఇంటి నుంచి రోడ్డు దాకా దారి మాది, టౌన్‌షిప్ పంచాయతీ వాళ్లు ముట్టుకోరు. మంచు తీస్తేనే బండి కదులుతుంది. తీసేవాడు లేకపోతే ఐలీ ఇల్లు వదిలి పట్నంలో ముసలివాళ్ల హోముకి పోవలసిందే. "అక్కడ రొట్టె కూడా వాళ్లే కాలుస్తారంట. మరి నేనేం చెయ్యను?" అని ఒకసారి అంది. నేను ఈ కాగితం రాస్తున్నది ఆ మాట వల్లనే.

2. పికప్ ట్రక్కు, మా నాన్న నాకిచ్చిన మొలకత్తి సిర్కాకు. కత్తి చిన్నప్పుడే అడిగింది. ఆడపిల్లకెందుకన్నాను. ఇవ్వవలసింది.

రోడ్డు మీది మంచు తోస్తూ ఏటా మా దారి మొదట్లో గట్టు కట్టి పోయే టౌన్‌షిప్ ప్లౌ బండి డ్రైవరుకు ఏమీ లేదు. ఆయనే నాకు కావలసినంత ఇచ్చాడు.

3. ఇది ట్రాక్టరు వెనక తగిలించే, దారిలో మంచును పక్కకు చిమ్మే స్నోబ్లోయరు గురించి. ఈ ఖండం నేను పోయాక కోపరేటివ్ దుకాణంలో, కాఫీ వేళ, అందరూ ఉన్నప్పుడు సిర్కా గట్టిగా చదవాలి.

బ్లోయరులో మంచును తొలిచి లోపలికి లాగే ఆగరును దాని ఇరుసుకు పట్టి ఉంచేది షియర్ బోల్టు. రాయో దుంగో తగిలితే ఆ మెత్తటి బోల్టు తెగిపోవాలి. అది తెగితే గేర్‌బాక్సు బతుకుతుంది. పన్నెండు చలికాలాలు నా బోల్టు తెగలేదు. నడపడం వచ్చినవాడికి తెగదని ఆ దుకాణంలో చెప్పుకు తిరిగాను. పక్కింటి ప్రీమో బెర్తొలిన్‌కు బోల్టుల ప్రీమో అని పేరు పెట్టింది నేనే. "ఏం ప్రీమో, ఇవాళ ఎన్ని తెంచావు?" అనేవాణ్ణి. "రెండు. ఇంకో రెండు జేబులో ఉన్నాయి, నీకేమన్నా కావాలా ఉర్హో?" అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. నాతో కలిసి నవ్వుతున్నారనుకున్నాను.

ఈ ఫిబ్రవరిలో, ఐలీ ఆస్పత్రికి పోవలసిన రోజు పొద్దున, నా బండి నుంచే జారిపడిన బర్చ్ దుంగ మంచు కింద ఉండి ఆగరులో పడింది. బోల్టు తెగలేదు. గేర్‌బాక్సు పగిలింది. ట్రాక్టరు దారికి అడ్డంగా నిలబడిపోయింది. ఐలీ కోటు వేసుకుని ట్రక్కులో కూర్చుని ఉంది. ప్రీమో తన ట్రాక్టరుతో వచ్చి, నాదాన్ని పక్కకు లాగి, దారి తీసి, ఐలీని తనే పట్నం తీసుకుపోయాడు. తరవాత నా బ్లోయరును తన షెడ్డులోకి చేర్చి విప్పాడు. బోల్టు ఊడదీసినా ఆగరు ఇరుసు మీద తిరగలేదు. తుప్పు పట్టి రెండూ ఒకటైపోయాయి. ఏటా చలికాలానికి ముందు బోల్టు తీసి, గ్రీజు కొట్టి, ఆగరు విడిగా తిరుగుతుందో లేదో చూసుకోవాలి. నేను చూడలేదు. తెగని బోల్టును విప్పడమెందుకనుకున్నాను. అన్నేళ్లూ నా నేర్పు అని చెప్పుకున్నది వట్టి తుప్పు.

ప్రీమో దాన్ని కాచి, కొట్టి, విడదీసి, పాత గేర్‌బాక్సు ఒకటి వెతికి బిగించాడు. వారం తిరక్కుండా కోపరేటివ్‌లో ఎవరో అడిగారు, ఉర్హో మిషనుకి ఏమైందని. నేను అక్కడే ఉన్నాను. ప్రీమో కాఫీలో చక్కెర కలుపుకుంటూ, "దుంగ పడింది. ఎవరి మిషనైనా పోద్ది" అన్నాడు. నేను అవునని తలూపాను. మిషను పగిలినందుకు నాకు సిగ్గు లేదు. ఆ తలూపినందుకు ఉంది. ఇంటికొచ్చి ఐలీకి చెప్తే, "బ్లోయరుకి పట్టింది వదిలించాడుగా, నీ నోటికి పట్టింది ఎవరు వదిలిస్తారు?" అంది.

4. సదరు బ్లోయరు, ట్రాక్టరు, బోల్టుల డబ్బా, గ్రీజు గన్ను ప్రీమో బెర్తొలిన్‌కు. షరతు పెట్టే మొహం నాకు లేదు. ఐలీ దారి తెరిచి ఉంచమని అడుగుతున్నాను. నేను ఒక మనిషిని సాయం అడగడం ఇదే మొదలు కాబట్టి సరిగా రాకపోతే ఏమనుకోవద్దు.

మిషను ఎవరు నడిపినా సరే, బోల్టు తెగితే ముందు ఇంజను ఆపి తాళం జేబులో వేసుకోవాలి. అన్నీ తిరగడం ఆగాక దిగాలి. ఇరుక్కున్న మంచును కర్రతో తియ్యాలి, చేత్తో కాదు. తెగిన ముక్కలు రెండూ బయటికి తట్టి, చిల్లులు ఎదురెదురుగా తెచ్చి, కొత్తది దూర్చి నట్టు బిగించాలి. మెత్తటి బోల్టే వెయ్యాలి. గట్టిదేస్తే తుప్పు చేసిన పనే అదీ చేస్తుంది.

5. ఇది తరవాత కలిపింది. ప్రీమోను పిలిపించి పైదంతా మొహం మీదే చదివాను. టోపీ చేతిలో తిప్పుకుంటూ విన్నాడు. సాక్షి సంతకాలకు టపా బండి నడిపే డోరీన్ వచ్చింది, ఇంకొకరు రావాలి. "ప్రీమో బాబాయ్, నువ్వు మాత్రం పెట్టకు, సాక్షి సంతకం పెట్టినోళ్లకి వీలునామాలో ఏమీ రాదు" అని సిర్కా చెప్పింది.

"ఏమీ రాదా? చట్టమేనా?"

"చట్టమే బాబాయ్."

"అయితే పెన్నిటియ్యి అమ్మాయ్."

సిర్కా ఇవ్వలేదు. నా చేతిలోది లాక్కుని, నా సంతకం కింద రెండో సాక్షి తనేనన్నాడు. మరి దారి సంగతేంటని అడిగాను. "ఐలీ దారి తియ్యడానికి నాకు లంచమెందుకు ఉర్హో? నాకో మిషనుందిగా. నీదానిలా కాదు, బోల్టులు తెగుతాయి" అన్నాడు. ఐలీ ఆయన ముందు రొట్టె పెట్టింది. నేను కృతజ్ఞత చెబుదామని నోరు తెరిచి, మంచు పడేలా ఉందన్నాను.

కాబట్టి నాలుగో ఖండం చెల్లదు. ట్రాక్టరు, బ్లోయరు సిర్కాకు. మూడో ఖండం కొట్టెయ్యమని ప్రీమో అడిగాడు. కొట్టెయ్యను. అది చెల్లుతుంది.

2019 మార్చి 14వ తేదీన, మా వంటింటి బల్ల దగ్గర, ఇద్దరు సాక్షుల ఎదుట నా చేత్తో చేసిన సంతకం:

ఉర్హో కివెలా

సాక్షులు:
డోరీన్ మెకాలే
ప్రీమో బెర్తొలిన్