పడవలో బిందెడు నీళ్ళు

ఏవండీ,

మీ సెకండ్‌హ్యాండ్ తెరచాప పడవ అమ్మేస్తానని నేనే కబురు పెడితే, ఇవాళ గవర్నర్‌పేటలో లాడ్జి నడిపే ఆయన చూడ్డానికి వచ్చాడు.

"ఎలా ఉంటుందమ్మా?" అన్నాడు.

మీరున్నన్నాళ్ళూ మిమ్మల్ని సాధించిన మాటలే నోటికొచ్చాయి. "గాలి లేకపోతే కదలదండీ. ఉంటే చెప్పిన మాట వినదు. ఆదివారాలన్నీ దాని రిపేర్లకే!" మనిద్దరం ఉత్త గాలికే నది మధ్య లంకదాకా వెళ్ళొచ్చిన రోజు సంగతి మాత్రం చెప్పలేదు.

"మళ్ళీ వస్తానమ్మా" అని ఆయన జారుకున్నాడు.

మీరు పోయాక పడవ ఒడ్డునే ఉండిపోయి చెక్కలు ఎండాయి, సందులు విడిచాయి. ఇదివరకు ఇలా ఎండినప్పుడల్లా మీరు అందులో బిందెలతో నీళ్ళు పోస్తుంటే, "పడవలోంచి నీళ్ళు తోడతారు గానీ పోస్తారా?" అని నవ్వేదాన్ని. "చెక్కలు నాని ఉబ్బితేనే సందులు మూసుకుంటాయే" అనేవారు.

ఆయన కారు కనుమరుగవగానే కొంగు దోపి, కృష్ణలో బిందె ముంచి పడవలో పోశాను.

రేపూ పోయాలి.