ఇరవై రెండు మిల్లీమీటర్లు

ఫిబ్రవరి 3, సోమవారం

చిన్నదాన్ని తెచ్చి నా నెత్తి మీద కూర్చోబెట్టారు.

చిన్నది అంటే మా మరిది భార్య, నా తోడికోడలు. నాకంటే తొమ్మిదేళ్ళు చిన్న. ఈ కోచ్ ఫ్యాక్టరీలో నా సర్వీసు పద్ధెనిమిదేళ్ళు, తనది ఆరు. ఇవాళ్టి నుంచి డబుల్ డెక్ ట్రైన్ డిజైన్ మొత్తానికి లీడ్ తనే. నేను ఫ్లోర్ గ్రూప్. అంటే జనం తొక్కే భాగం నాది.

ప్రాజెక్ట్ హెడ్ అందరిచేతా చప్పట్లు కొట్టించారు. నేనూ కొట్టాను. నా చప్పుడే అందరికంటే గట్టిగా వినిపించి ఉంటుంది. ఒళ్ళు మండుతున్నప్పుడు చేతులకి బలం వస్తుందనుకుంటాను.

ఇంట్లో నన్ను అక్కా అంటుంది, ఆఫీసులో మేడమ్ అంటుంది. ఇవాళ మీటింగ్ అయ్యాక కారిడార్లో ఎవరూ లేకుండా చూసి, అక్కా, మీరు పక్కనుంటే నాకు ధైర్యం అంది. మనసులోంచే అంది. అదే భరించలేకపోయాను.

ఫిబ్రవరి 5, బుధవారం

నిన్న రాయబుద్ధి కాలేదు. ఇవాళ రాస్తాను.

డబుల్ డెక్ పెట్టాలని ఈ ఆఫీసులో మొదట నోట్ రాసింది నేను. నాలుగేళ్ళ కిందట. ప్లాట్‌ఫారాలు పొడిగించడానికి చోటు లేదు, ఇంకో ట్రైన్ నడపడానికి టైమ్ లేదు, ఇక మిగిలింది ఎత్తు ఒక్కటే అని రాశాను. పెద్ద స్టేషన్లో మన ట్రైన్ ఆగేది యాభై సెకన్లు, పైవాళ్ళూ కిందవాళ్ళూ ఒకే తలుపు మీద పడితే ఆ టైమ్‌లో ఎలా దిగుతారు అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఫైలు మూలన పడింది.

చిన్నది మెట్లని విడదీసింది. తలుపు దగ్గర ప్లాట్‌ఫారం ఎత్తులో వెడల్పాటి లాబీ. అక్కణ్ణుంచి ఎడమ చేతి వైపు ఐదు మెట్లు దిగితే కింది డెక్. కుడి చేతి వైపు మెట్లెక్కితే పై డెక్. ఒకరికొకరు అడ్డం రారు. అంతే. చూశాక ఎవరికైనా తోచేదే అనిపిస్తుంది. నాకు తోచలేదు.

ప్రజెంటేషన్‌లో మొదటి స్లైడ్ మీద నా పాత నోట్ పెట్టింది. ఇదంతా దీంట్లోంచి వచ్చిందే అని చెప్పింది. అందరూ నా వైపు తిరిగారు. నా ఐడియా దొంగిలించి ఉంటే హాయిగా తిట్టుకునేదాన్ని. ఆ అవకాశం కూడా ఇవ్వలేదు.

ఫిబ్రవరి 16, ఆదివారం

అసలు మంట ఎక్కడుందో ఇవాళ తెలిసింది. పోస్టులో లేదు.

మామగారు ముప్ఫై నాలుగేళ్ళు ఈ సబర్బన్ లైన్ల మీదే గార్డుగా చేశారు. జనం ట్రైన్ ఎలా ఎక్కుతారో, ఎలా దిగుతారో ఆయనకి తెలిసినంత మా ఆఫీసులో ఎవరికీ తెలియదు. నేను కాపురానికి వచ్చిన కొత్తలోనే నా డ్రాయింగులు భోజనాల బల్ల మీద పరిపించుకుని, కళ్ళజోడు సర్దుకుని, తప్పులు పట్టేవారు. పెద్దమ్మాయ్, ఈ రాడ్డు ఇక్కడ పెడితే పొట్టివాళ్ళు ఏం పట్టుకుంటారు అనేవారు. మా నాన్న కూడా నా పని మీద అంతసేపు తల వంచలేదు.

మేం కింద ఉంటాం, ఆయన మాతోనే. మరిదీ చిన్నదీ పై అంతస్తు. ఇవాళ కాఫీ తాగి, కళ్ళజోడు జేబులో పెట్టుకుని, పైకి వెళ్ళారు. రెండు గంటలు. నవ్వులు వినిపించాయి. దిగి వచ్చి, చిన్నమ్మాయిది బుర్ర కాదు, ట్రైన్లు తిరిగే యార్డు అన్నారు. మా ఆయన నవ్వాడు. ఆ నవ్వుకి మా ఆయనకి రాత్రి భోజనంలో పెరుగు రాలేదు. ఎందుకో ఆయనకి తెలియదు.

మార్చి 6, గురువారం

మామగారు కళ్ళజోడు పైనే మర్చిపోయారు. వెళ్ళి తెచ్చింది నేను.

మార్చి 19, బుధవారం, మధ్యాహ్నం 3:15

లాబీలో చక్రాల చప్పుడు ఎక్కువగా ఉంటుందని టెస్టింగ్ వాళ్ళు తేల్చారు. ఫ్లోర్ కింద రబ్బరు పొర వేయాలట. మార్పు కాగితం నా టేబుల్ మీదికి వచ్చింది. లాబీ ఫ్లోర్ ఇరవై రెండు మిల్లీమీటర్లు పైకి లేస్తుంది.

లాబీ లేచింది, మెట్లు లేవలేదు. కింది డెక్ నుంచి వచ్చేవాళ్ళకి నాలుగు మెట్ల ఎత్తు 170 మిల్లీమీటర్లు, ఐదోది 192. నాలుగు మెట్లకి అలవాటు పడ్డ కాలు ఐదోదాన్ని కూడా అంతే అనుకుంటుంది. బొటనవేలు అంచుకి తగులుతుంది. ఇది చూడటానికి నాకు అర నిమిషం కూడా పట్టలేదు.

కాగితం మీద ఎవరెవరికి తెలియజేయాలో బాక్సులుంటాయి. టిక్ పెడితే వాళ్ళకి వెళుతుంది. బాడీ, పెట్టాను. ఎలక్ట్రికల్, పెట్టాను. మెట్లు.

సాయంత్రం 5:40

పెట్టలేదు. సంతకం చేసి పంపేశాను.

మార్చి 21, శుక్రవారం

తను ఎలాగూ పట్టేస్తుంది. అంత బుర్ర ఉన్నదానికి నేను చెప్పాలా. రేపో ఎల్లుండో వచ్చి, అక్కా, ఇది చూడండి అంటుంది. అయ్యో, మర్చిపోయాను అంటాను. ఒక్కసారి, ఒక్క చిన్న విషయంలో, ముందు నేను చూశాను అని నాకు తెలిస్తే చాలు.

ఏప్రిల్ 9, బుధవారం

పట్టలేదు.

షెడ్డులో కోచ్ నమూనా కడుతున్నారు. నిజం సైజులో, చెక్కతో. కార్పెంటర్లు చిన్నది ఇచ్చిన పాత డ్రాయింగు ప్రకారం మెట్లు కట్టారు, నేనిచ్చిన డ్రాయింగు ప్రకారం లాబీ కట్టారు. మధ్యాహ్నం ఒక్కదాన్నే వెళ్ళి ఎక్కి చూశాను. తెలిసి ఎక్కినా కాలు తగిలింది.

చెప్పాలనుకుంటూనే క్యాంటీన్‌కి వెళ్ళాను. ప్రాజెక్ట్ హెడ్ ఎవరితోనో ఫోన్లో, ఈ పిల్ల మా అదృష్టమండీ అంటున్నారు. టీ తాగి నా సీట్లోకి వచ్చేశాను.

ఏప్రిల్ 25, శుక్రవారం

రేపు ట్రయల్. యాభై సెకన్లలో ఎంతమంది దిగి ఎంతమంది ఎక్కగలరో లెక్క చూస్తారు. స్టాఫ్ కుటుంబాల నుంచి నూట ఎనభై మంది కావాలన్నారు. మొదటి పేరు మామగారిదే. డెబ్భై మూడేళ్ళాయన, ఇవాళ పొద్దున్నే బూట్లు తుడుచుకుంటున్నారు.

మామయ్యగారూ, మీరు పై డెక్‌లో కూర్చోండి, కిటికీలోంచి బాగుంటుంది అన్నాను. పై డెక్ నుంచి దిగేవాళ్ళకి ఆఖరి మెట్టు పొట్టిగా ఉంటుంది, కాలు తన్నుకోదు. సరేలే చూద్దాం అన్నారు.

నాకు అంతవరకే నోరు వచ్చింది. ఇది రాసి పెట్టుకోవాలి.

ఏప్రిల్ 26, శనివారం

మొదటిసారి యాభై నాలుగు సెకన్లు. రెండోసారి నలభై ఎనిమిది. అందరూ చప్పట్లు. ఆఖరి మెట్టు దగ్గర ఇద్దరు ముగ్గురు తూలారు, పక్కవాళ్ళు పట్టుకున్నారు, నవ్వుకున్నారు.

మూడోసారి సగం మందిని డెక్‌లు మార్చారు. మామగారు కింది డెక్‌లోకి వచ్చారు. నేను లాబీ పక్కన స్టాప్‌వాచ్‌తో నిలబడి ఉన్నాను. తలుపులు తెరిచారు. ఆయన మెట్లెక్కుతూ కనిపించారు, వరసలో నాలుగో మనిషి. చేతిలో ఏమీ లేదు. ముందున్నావిడకి దారి చూపిస్తున్నట్టు చెయ్యి చాపారు. గార్డు అలవాటు. మామయ్యగారూ ఆగండి అన్నానో, అనాలనుకున్నానో నాకు తెలియదు. బూటు అంచుకి తగిలింది. ముందుకి పడ్డారు. కుడిచేతి మీద పడ్డారు. చెక్క విరిగిన చప్పుడు అనుకున్నాను. చెక్క కాదు.

అందరికంటే ముందు ఆయన దగ్గరికి పరిగెత్తింది చిన్నది. తన ఒళ్ళో తల పెట్టుకుంది. నేను స్టాప్‌వాచ్ ఆపాను. ముప్ఫై ఒకటి దగ్గర ఆగింది. అలా ఎందుకు చేశానో.

మణికట్టు రెండు చోట్ల విరిగింది. కట్టు వేశారు. ఆరు వారాలు.

ఏప్రిల్ 29, మంగళవారం

కొలిచారు. ఆఖరి మెట్టు 192 అని తేలింది. మెట్ల బాధ్యత లీడ్‌దే కాబట్టి మీటింగ్‌లో అందరూ చిన్నది వైపే చూశారు. నేనే సరిచూసుకోవాల్సింది, తప్పు నాది అంది. ఫ్లోర్ మార్పు మీకు రాలేదా అని ఎవరో అడిగారు. వచ్చే ఉంటుంది, నేనే చూసి ఉండను అంది. నా వైపు చూడను కూడా లేదు. అనుమానం లేదు తనకి. నా మీద అనుమానం అన్నదే లేదు.

ట్రయల్స్ ఆపేశారు. మొత్తం డబుల్ డెక్కే వద్దనుకుంటే ఎలా ఉంటుందని పైవాళ్ళు ఆలోచిస్తున్నారట.

ఇది కదా నేను కోరుకున్నది. సంతోషం ఎక్కడుందా అని వెతుక్కున్నాను. ఉంది. కొంచెం ఉంది. అబద్ధం రాయను.

మే 4, ఆదివారం

మామగారు ఊతకర్ర తెమ్మన్నారు. విరిగింది చెయ్యి కదా నాన్నా, కర్ర ఎందుకు అని మా ఆయన అడిగాడు. కాళ్ళు నా మాట వినడం లేదురా అన్నారు. ముప్ఫై నాలుగేళ్ళు కదిలే ట్రైన్ ఎక్కీ దిగీ ఒక్కసారి తూలలేదు, కదలని ట్రైన్లో పడ్డాను, ఇక నా పని అయిపోయింది అన్నారు. ఫ్యాక్టరీ వాళ్ళు వస్తే కూడా, మెట్టుదేం లేదు, ముసలి కాలుది తప్పు అని రాయించారట. చిన్నదానికి మాట రాకూడదని సగం. సగం నిజంగా నమ్మే.

పొద్దున్న వాకింగ్ మానేశారు. పై అంతస్తు మెట్లు ఎక్కడం మానేశారు. గుమ్మం దాటడానికి ఎడమ చేత్తో గోడ పట్టుకుంటున్నారు.

ఇప్పుడు రోజంతా కిందే, నా కళ్ళ ముందే ఉంటున్నారు.

మే 6, మంగళవారం, ఉదయం 6:30

చెప్పేశాను.

వరండాలో కూర్చుని ఉన్నారు. మామయ్యగారూ, మీ కాలుది తప్పు కాదు అన్నాను. ఓదారుస్తున్నాననుకుని చెయ్యి ఊపారు. ఆఖరి మెట్టు ఇరవై రెండు మిల్లీమీటర్లు ఎత్తు, అక్కడ కుర్రవాళ్ళు కూడా తూలారు, నేనూ తన్నుకున్నాను అన్నాను. ఇరవై రెండంటే ఎంత, చూపించు అన్నారు. స్కేలు తెచ్చాను. ఎడమ చేతి బొటనవేలుకీ చూపుడువేలుకీ మధ్య పెట్టి చాలాసేపు చూశారు.

చిన్నమ్మాయి ఎలా చూడలేదు అన్నారు.

తనకి తెలియదు, నేను పంపలేదు, తెలిసే పంపలేదు అన్నాను.

ఎందుకని అడుగుతారనుకున్నాను. అడగలేదు. మార్చిలోనే తెలుసా అన్నారు. తెలుసు అన్నాను. నన్ను పై డెక్‌లో కూర్చోమన్నది అందుకా అన్నారు. అవునన్నాను. మిగతా నూట డెబ్భై తొమ్మిది మందినీ ఎక్కడ కూర్చోమన్నావు అన్నారు.



లేచారు. కర్ర కుర్చీకి ఆనించే ఉంది. గోడ పట్టుకోకుండా గుమ్మం దిగి, గేటు తీసుకుని వీధి చివరిదాకా వెళ్ళారు. నేను గేటు దగ్గరే నిలబడ్డాను. తిరిగి వచ్చి, నన్ను చూడకుండా లోపలికి వెళ్ళి కాఫీ తనే కలుపుకున్నారు. ఒంటి చేత్తో.

అదే రోజు, ఉదయం 8:00

పైకి వెళ్ళి చిన్నదానికీ చెప్పాను. తల దువ్వుకుంటోంది. దువ్వెన ఆగింది. పది రోజులుగా ఎక్కడ చూడలేదా, ఎక్కడ చూడలేదా అని పాత కాగితాలన్నీ తిరగేస్తున్నాను, నాకు పిచ్చెక్కుతోందేమో అనుకున్నాను అంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. రాసి ఇవ్వండి మేడమ్ అంది.

ఇంట్లో మేడమ్ అనడం ఇదే మొదలు.

మే 12, సోమవారం

రాసి ఇచ్చాను. నన్ను రిపేర్ మాన్యువల్స్ సెక్షన్‌కి మార్చారు. ఉద్యోగం ఉంచడమే ఎక్కువ అని ప్రాజెక్ట్ హెడ్ అన్నారు. నిజమే. ఇంటికొచ్చి మా ఆయనకి విషయం చెప్పాను. నన్ను అడిగితే నాన్నని నీకే ఇచ్చేసేవాణ్ణి కదే అన్నాడు. నవ్వించాలని చూశాడు పాపం. ఏడుపొచ్చింది.

జూన్ 20, శుక్రవారం

మామగారి కట్టు విప్పారు. ట్రయల్స్ మళ్ళీ మొదలయ్యాయట. మా సెక్షన్‌కి వచ్చిన కొత్త డ్రాయింగులో చూశాను. ఆ ఇరవై రెండునీ ఐదు మెట్లకీ సమానంగా పంచింది. ఒక్కోదానికి నాలుగు మిల్లీమీటర్ల చిల్లర. ఏ కాలికీ తెలియదు.

నేనైతే లాబీనే తగ్గించడానికి నెల రోజులు కొట్టుకునేదాన్ని. అది తోచగానే కడుపులో మళ్ళీ ఆ పాత మంటే. ఇంత జరిగాక కూడా. సిగ్గు లేదు దీనికి.

జూన్ 8, మంగళవారం

ఈ డైరీ ముట్టి రెండేళ్ళు. డబుల్ డెక్ నడుస్తున్న మొదటి వారం ఇది.

ఎవరికీ చెప్పకుండా వెళ్ళి ఎక్కాను. పద్నాలుగు స్టేషన్లు. పై డెక్ ఎక్కాను, దిగాను, కింది డెక్‌కి దిగాను, మళ్ళీ ఎక్కాను. జనం నన్ను తప్పించుకుని దిగిపోతున్నారు. ఒక్కళ్ళూ తూలలేదు. తొమ్మిదో స్టేషన్ దగ్గర ఒకావిడ, ఏమైనా పారేసుకున్నారా అని అడిగింది.

లేదండీ, మెట్లు బాగున్నాయి అన్నాను.