ఈదమ్మ పళ్లు, వదిన కడుపు

హైదరాబాదు,
12-11-1991

అన్న గుర్వయ్యకు చెల్లె అండాలు దండం పెట్టి రాస్తున్నది. ఇక్కడ దవాఖానలో నేను, వదిన ప్రాణాలతో ఉన్నాం. ఊళ్లో అమ్మ, బాపు తింటున్నారు, పనికి పోతున్నారు. క్షేమం అన్న మాట రాయడానికి ఇంకా చెయ్యి రావడం లేదు. జైల్లో నీకు ఉత్తరాలు చదివిపెట్టే అమరేందర్ గారికి నమస్కారం. ఆయన్ను ఏ ముక్కా దాటేయకుండా చదవమను.

వదిన కడుపు పెరుగుతోందా అని అడిగావు. లేదన్నా. నువ్వు అరెస్టు కాకముందు చేయించిన మూత్రపరీక్షలో కడుపుతో ఉన్నట్టు వచ్చిన మాట నిజమే. మంత్రసాని ఈదమ్మ పళ్లు పీకినందుకే ఆమె చేసిన బాణామతి విరిగి కడుపు నిలిచిందని నువ్వు ఊరంతా బెల్లం పంచావు. కానీ అక్కడ బిడ్డ లేదు.

గర్భం నిలిస్తే, బిడ్డకు తిండి అందించే మాయలో ఒక పదార్థం పుడుతుంది. అది ఒక ప్రొటీను, దానికి చక్కెర గొలుసులు అతుక్కుని ఉంటాయి. నేను పనిచేసే ల్యాబులో దాన్ని హెచ్‌సీజీ అంటాం. గర్భాన్ని నిలిపేది అదే, పరీక్షలో కనబడేదీ అదే. మొదటిసారి వదిన కడుపులో బిడ్డ పెరగలేదు, మాయ ఒక్కటే ద్రాక్ష గుత్తుల్లా పెరిగింది. నెత్తుటితో పడిన ఆ బుడగలు చూసే నువ్వు ఈదమ్మ ఇంటి మీదికి ఉరికావు. దవాఖానలో కడిగి తీసినా ఎక్కడో మిగిలింది క్యాన్సరై ఊపిరితిత్తులకు పాకింది. ఇప్పుడు ఆ పదార్థాన్ని పుట్టిస్తున్నది క్యాన్సరే. నువ్వు బెల్లం పంచింది దానికి.

ఆ రోజు నాకు కళ్ల ముందు నుంచి పోవడం లేదు. ఈదమ్మను కరెంటు స్తంభానికి కట్టారు. "పండ్లుంటెనే గద మంత్రం పలికేది, పీకుండ్రి!" అని కులపెద్ద రామచంద్రయ్య అరిచాడు. పట్టుకారు నీ చేతిలో ఉంది.

"గుర్వా, నీ బొడ్డు కోసిన చెయ్యిరా ఇది" అని ఆమె ఏడ్చింది.

"నా బిడ్డను బుడగలు చేసినవ్ గదనే ముసల్దానా!" అన్నావు.

నేను నీ చెయ్యి కొరికాను. నువ్వు మోచేత్తో నా ముఖం మీద కొట్టావు. లేచేసరికి ఆమె పైదవడ ముందు పళ్లు మట్టిలో ఉన్నాయి. ఆమె నోట్లోంచి నెత్తురు తీగలా కారుతోంది. ఎవరో ఈల వేశారు.

వదినను ఇంటికి తోలమన్నావు. తోలను. క్యాన్సరుకు సూదిమందు ఎక్కిస్తున్నారు. కక్కుకుంటోంది, నోరంతా పుండ్లు. జుట్టు ఊడిపోతే, "కొండ ఎక్కకుంటనే మొక్కు తీరింది పిల్లా" అని నవ్వింది. తర్వాత నా కొంగు పట్టుకుంది. "నా కడుపు కోసం ఆమె నోరు పగలగొట్టిరి. ఆఖరుకు నా నోరు గూడ గట్లనే అయింది. ఈదమ్మ గంజి ఎట్ల తాగుతాందో ఏమో!" అంది.

మందుకు ఆ పదార్థం రక్తంలో తగ్గుతోంది. ఈ రకం క్యాన్సరు నయమవుతుందని డాక్టరమ్మ అంటోంది. మధ్యలో ఆపితే మాత్రం వదిన దక్కదు.

ఇక నీ చివరి మాట. "నా మీద చెప్పిన దాని నాలిక గూడ కోస్త" అని రాయించావు. అది ఈదమ్మే అనుకుంటున్నావు. పోలీసులు అడిగితే ఆమె భయంతో గడప తట్టుకుని పడ్డానని చెప్పింది. ఊళ్లో ఎవరూ నోరు విప్పలేదు.

చెప్పింది నేను అన్నా.

నీ బెల్లం తిన్నవాళ్లు, పక్క వాడలో సుక్కమ్మ పళ్లు కూడా పీకితే ఇంకో ఇంట్లో కడుపు పండుతుందని మాట్లాడుకున్నారు. ఆ మాట విన్న పొద్దే స్టేషనుకు పోయి నీ పేరు మొదట చెప్పాను, రామచంద్రయ్య పేరు తర్వాత. తోడబుట్టినదాన్ని కదా, నా మీద నీకు అనుమానమే రాలేదు. స్టేషనులో ఉన్న ఆ ఫిర్యాదు రాత నా చేతిదే. కోర్టులోనూ అదే చెప్తాను.

విడుదలయ్యాక ఈదమ్మ గడప తొక్కకు. నాలుక కోయాలనుకుంటే దవాఖానకు రా, వదిన మంచం పక్కనే ఉంటాను. అప్పటిదాకా నా పళ్లతో, నాలుకతో నాకు పని ఉంది.

ఇట్లు,
నీ చేతిని కొరికిన చెల్లె,
అండాలు