నలభై ఒక్క నోటుపుస్తకాలు, పిడికెడు మట్టి

గుంటూరు జిల్లా భట్టిప్రోలు కాపురస్తుడు, కీర్తిశేషులు దారా దావీదు గారి పెద్ద కుమారుడు, రిటైర్డు హెడ్మాస్టరు, 71 సంవత్సరముల దారా అంద్రెయ అను నేను పూర్తి స్మృతితో, ఎవరి బలవంతమూ లేకుండా వ్రాయించిన వీలునామా. నా బుద్ధి స్థిరంగానే ఉంది. ఎప్పుడూ స్థిరంగానే ఉంది, అదే నా కొంప ముంచింది.

1. నా పెంకుటిల్లును, తెనాలిలో కాపురముంటున్న నా కుమార్తె పుష్పలత సర్వహక్కులతో అనుభవించవలెను. ఈ వీలునామా అమలు బాధ్యతా ఆమెదే. అల్లుడి పేరు చేర్చలేదు. గుళ్లో ప్రసంగం మధ్యలో గురక పెడతాడు. మేలుకుని విన్న నేను బాగుపడిందీ లేదనుకోండి.

2. నా గొడుగు మా లూథరన్ గుడి గంట కొట్టే పున్నయ్యకు. ముప్పై ఏళ్లు వానలో తడుస్తూ రావడం చూశాను. ఒక్కనాడూ ఇవ్వలేదు.

3. ప్రతి ఆదివారం గుళ్లో పాస్టరు అయ్యగారి ప్రసంగం పొల్లుపోకుండా రాసుకున్న నోటుపుస్తకాలు నలభై ఒకటి. 1986 ఆగస్టు 17న, సహోదరుడితో సమాధానపడ్డాకే కానుక తీసుకురావాలని అయ్యగారు చెబుతుండగా, నా తమ్ముడు సీమోను వచ్చి పక్కన కూర్చున్నాడు. వేటపాలెంలో జీడిపప్పు ఒలిచే కోటిరత్నాన్ని గుళ్లో ఆశీర్వాదం లేకుండా పెళ్లాడాడని పదకొండేళ్లుగా నా గడప తొక్కనివ్వలేదు. “అన్నయ్యా” అని నా చొక్కా చెయ్యి పట్టుకున్నాడు. అయ్యగారు వచనం నంబరు తప్పు చెప్పారు. నేనది దిద్దుకుంటూ తలెత్తలేదు. కానుకల పాట అయ్యేసరికి వాడు లేడు. ఆ పేజీలో ప్రసంగమంతా ఉంది, కింద ఎర్ర సిరా గీత ఉంది. తమ్ముడు వచ్చిన సంగతి లేదు.

ఈ పుస్తకాలు గుడికి ఇవ్వవద్దు. పచారీ కొట్టు ఆదెయ్యకు పొట్లాలకు ఇవ్వండి.

4. సీమోను 1988లో బాపట్ల ఆసుపత్రిలో పోయాడు. కోటిరత్నం కబురంపింది: “బావగారొచ్చి పిడికెడు మట్టేస్తే చాలండి, ఇంకేం అడగను.” ఆ రోజు ఆదివారం, గుళ్లో పాఠం చదివే వంతు నాది. చదివాను. బాగా చదివానని అందరూ మెచ్చుకున్నారు.

నేను పంచకుండా ఉంచుకున్న కాలవగట్టు అరెకరం కోటిరత్నానికి చెందవలెను. అది సీమోను వాటా, నా దానం కాదు. వద్దంటే ఆమెను విసిగించవద్దు.

5. నా సమాధి దగ్గర ప్రసంగం వద్దు. మొదటి పిడికెడు మట్టి కోటిరత్నం వేయవలెను. పుష్పలత స్వయంగా వేటపాలెం వెళ్లి పిలవాలి. వస్తుందన్న ఆశ నాకు లేదు. సీమోను గోతిని నా కోసం పొద్దుగూకేదాకా పూడ్చకుండా ఉంచారట. నా గోతినీ ఆమె కోసం అంతసేపు ఉంచండి. తర్వాత పూడ్చేయండి.

భట్టిప్రోలు, 21-11-1994
(సంతకం) దారా అంద్రెయ

సాక్షులు: సుందరయ్య, రిటైర్డు టీచరు, బ్రహ్మయ్య, రైతు
దస్తూరి: పాండురంగారావు, రేపల్లె